సగటు ముఖం ఎవరిది?



ఈ ప్రసంగం బొమ్మల గురించి. రేడియోలో బొమ్మ చూపించే వీలు లేదు. అయినా ఈ విషయం వరకు అది లోటని నేను అనుకోను. నేను చెప్పబోయే బొమ్మలన్నీ ప్రయోగశాల పద్ధతులతో పుట్టినవి. కొన్ని కెమెరాతో, కొన్ని కంప్యూటర్‌తో, ఒకటి బాక్టీరియాతో. వాటిని చూసినవాళ్లు చాలామంది ఎదురుగా కనిపించిన ముఖం దగ్గరే ఆగిపోయారు. ఆ ముఖం అక్కడికి ఎలా వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ. నాకు చెప్పాలని ఉన్నది ఆ రెండో సంగతే. ఒక మనిషిని గురించి గానీ, వేలమంది మనుషులు కలిసిన ఒక వ్యవస్థను గురించి గానీ శాస్త్రీయ పద్ధతిలో బొమ్మ తయారుచేసినప్పుడు, ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, ఎవరికి ఎంత వాటా ఇవ్వాలి, తెలియనిచోట ఏం పెట్టి పూడ్చాలి అని ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయాలను బొమ్మ దాచిపెడితే అది ప్రమాదకరమైన వస్తువు అవుతుంది. వాటిని చూసేవాళ్ల ముందు పరిచి పెడితే అది కళ అవుతుంది. విజ్ఞానం, చిత్రకళ కలవాల్సింది ఇందుకోసమేనని నా వాదన.

మొదట 1878కి వెళ్దాం. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. చార్లెస్ డార్విన్‌కు వరసకు తమ్ముడు. దేన్నైనా కొలిచి అంకెల్లో పెట్టాలన్న పట్టుదల ఉన్నవాడు. నేరస్థుల ముఖాల్లో నేర స్వభావం కనిపిస్తుందన్న నమ్మకం ఆ రోజుల్లో పెద్ద చదువులు చదివినవాళ్లలో కూడా బలంగా ఉండేది. దాన్ని ఫొటోగ్రఫీతో తేల్చవచ్చని గాల్టన్ అనుకున్నాడు. ఇంగ్లండు జైళ్ల అధిపతి ఎడ్మండ్ డు కేన్ అతనికి ఖైదీల ఫొటోలు ఇచ్చాడు. గాల్టన్ చేసిన పని వినడానికి చాలా సులువు. ఒక ఫొటోను ప్లేటు మీద సరిగ్గా దించాలంటే 80 సెకన్ల కాంతి కావాలనుకుందాం. ఎనిమిది మంది ఫొటోలు తీసుకుని, అందరి కళ్లూ ఒకే చోటికి వచ్చేలా సర్ది, ఒక్కొక్కరికి పది సెకన్ల చొప్పున అదే ప్లేటు మీద కాంతి పడనిచ్చాడు. ఒకే చుక్కల మీద ఎనిమిది మంది ఎనిమిది ముగ్గులు వేస్తే అందరి గీతలూ కలిసినచోట ముగ్గు చిక్కగా కనిపిస్తుంది, ఎవరికి వారు వేసిన మెలికలు పలచబడి మాయమవుతాయి. ఇక్కడ ఆ చుక్కలు మనుషుల కళ్లు. ప్లేటు కడిగి చూస్తే కొత్త ముఖం ఒకటి వచ్చింది. ఎనిమిది మందిలో ఎవరిదీ కాని ముఖం అది.

ఆ ముఖం గాల్టన్ ఎదురుచూసినట్టు లేదు. నేరస్థులను ఎంతమందిని కలిపితే అంత క్రూరత్వం తేలాలి. తేలలేదు సరికదా, కలిపిన ముఖం విడి ముఖాలకన్నా సౌమ్యంగా, చక్కగా వచ్చింది. ఒక్కొక్కరి ముఖంలోనూ మనకు వికారంగా తోచేది ఆ ఒక్కరిదే కాబట్టి పదిమందిలో అది కరిగిపోయింది. గాల్టన్ ఈ సంగతిని దాచలేదు, తానే రాసి అచ్చువేశాడు. తర్వాత అతను ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ అనే డాక్టరుతో కలిసి లండన్ గైస్ ఆస్పత్రిలో ఇదే పద్ధతిని క్షయ రోగుల మీద ప్రయోగించాడు. ఈ డాక్టరు పాట్నా నుంచి ఇంగ్లండు వెళ్లి స్థిరపడిన షేక్ దీన్ మహమ్మద్‌కు మనవడు. రక్తపోటు మీద తొలినాళ్లలో మంచి పని చేసినవాడు. క్షయ వచ్చేవాళ్లకు ఒక రకం ముఖకవళికలు ఉంటాయని వైద్యులు నమ్మేవారు. నాలుగు వందలకు పైగా రోగుల ఫొటోలు పోగుచేసి, కలిపి, క్షయ లేని రోగుల ఫొటోలతో పోల్చి చూశారు. క్షయకు ప్రత్యేకమైన ముఖం ఏదీ లేదని 1882లో ప్రకటించారు. మరో వందేళ్లకు, 1990లో, అమెరికాలో లాంగ్‌లోయ్, రాగ్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కంప్యూటర్‌తో 16, 32 ముఖాలను కలిపి చూపిస్తే, చూసినవాళ్లు విడి ముఖాలకన్నా కలిపిన ముఖమే అందంగా ఉందన్నారు. అంటే గాల్టన్ చేతికి వచ్చిన సౌమ్యత్వం నేరస్థులది కాదు, సాధువులదీ కాదు. సగటు తీయడమనే ప్రక్రియలోనే పుట్టిన గుణం అది.

ఇక్కడ ఒక్క క్షణం నిలబడి ఆలోచించాలి. ప్రయోగం నిజాయతీగా జరిగింది, ఫలితం కూడా సరిగ్గానే వచ్చింది. ముఖాన్ని బట్టి మనిషిని నేరస్థుల గాటన కట్టడం కుదరదని ఆ ప్లేటు అరిచి చెప్పింది. కానీ దాన్ని తయారుచేసినవాడు అక్కడ ఆగలేదు. మనుషులను రకాలుగా విడగొట్టవచ్చన్న మూల నమ్మకాన్ని వదులుకోలేదు. సైనికాధికారులు ఒక కట్ట, మామూలు సిపాయిలు ఒక కట్ట, యూదు పిల్లలు ఒక కట్ట, ఇలా కొత్త కట్టలు కడుతూ పోయాడు. 1883లో మనుషుల్లో మేలురకం సంతతిని పెంచాలన్న సిద్ధాంతానికి యూజెనిక్స్ అని పేరు పెట్టింది కూడా అతనే. దాని పర్యవసానం అందరికీ తెలిసిందే. 1907లో అమెరికాలో ఇండియానా రాష్ట్రం బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలకు చట్టం చేసింది. 1933లో నాజీ జర్మనీ చేసిన చట్టం కింద దాదాపు నాలుగు లక్షల మందికి ఆ శస్త్రచికిత్సలు చేశారు. అన్నిటికీ గాల్టన్ ఫొటోలే కారణమని చెప్పడం అన్యాయం, అంత శక్తి వాటికి లేదు. వాటిలో ఉన్న లోపం మరొకటి. ఆ ఎనిమిది మందిని ఒక కట్టగా కట్టింది ఎవరు? ఎందుకు? వాళ్లను నేరస్థులని తేల్చింది ప్రకృతా, ఇంగ్లండు కోర్టులా? ప్లేటు మీద ఈ ప్రశ్నకు చోటే లేదు. ముఖం స్వయంగా మొలిచినట్టు కనిపిస్తుంది. కట్ట కట్టిన చెయ్యి ఎక్కడా కనిపించదు.

సరిగ్గా ఈ చోటే ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. విజ్ఞానానికి బొమ్మను జతచేస్తే జరిగేది ఇదే కదా, బొమ్మకు ఉన్న నమ్మించే బలం తప్పుడు సిద్ధాంతానికి తోడవుతుంది కదా, అందుకని రెంటినీ ఎడంగా ఉంచడమే క్షేమం కదా అని. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. పట్టికలో ఉన్న అంకెను అనుమానించినట్టు మనం ముఖాన్ని అనుమానించం. పసితనం నుంచీ ముఖాన్ని నమ్మడం అలవాటైన ప్రాణులం. అయితే ఎడంగా ఉంచడం అన్నది జరిగే పని కాదు. గాల్టన్ చిత్రకారుడు కాడు, అయినా బొమ్మ తీశాడు. శాస్త్రం ఎప్పుడూ బొమ్మలు తయారుచేస్తూనే ఉంటుంది. అవి వాటి తయారీని గురించి చెప్పుకుంటాయా లేదా అన్నదే మన చేతిలో ఉన్న విషయం. దానికి గాల్టన్ పద్ధతి నుంచే జవాబు చూపించిన చిత్రకారిణి ఒకామె ఉంది.

ఆమె పేరు నాన్సీ బర్సన్. న్యూయార్క్‌లో కంప్యూటర్ ప్రోగ్రామర్లతో కలిసి పనిచేస్తూ ముఖాలను కలిపే పద్ధతిని కంప్యూటర్ మీదికి తెచ్చింది. 1982లో ఆమె చేసిన ఒక బొమ్మ పేరు వార్‌హెడ్-1. ప్రచ్ఛన్న యుద్ధం తీవ్రంగా ఉన్న కాలం. రీగన్, బ్రెజ్నేవ్, థాచర్, మిత్తరాఁ, డెంగ్ షియావోపింగ్, ఈ ఐదుగురు దేశనేతల ముఖాలను ఆమె కలిపింది. అందరినీ సమానంగా కలపలేదు. ఎవరి దేశం దగ్గర ఎన్ని అణ్వస్త్రాలు మోహరించి ఉన్నాయో ఆ నిష్పత్తిలో కలిపింది. రీగన్‌ది 55 శాతం, బ్రెజ్నేవ్‌ది 45 శాతం, మిగతా ముగ్గురిదీ తలా ఒక శాతం కన్నా తక్కువ. ఆ శాతాలను బొమ్మతోపాటే ప్రకటించింది. వచ్చిన ముఖం చూస్తే మధ్యవయసు దాటిన ఒక మామూలు పెద్దమనిషి, మసకగా, భావమేదీ తేలకుండా ఉంటాడు. భయపెట్టే లక్షణం ఏమీ ఉండదు. భయమంతా పక్కన రాసిన శాతాల్లో ఉంది. గాల్టన్ మనుషుల ముఖాల్లో వాళ్ల స్వభావాన్ని వెతికితే, బర్సన్ ఒక అధికార వ్యవస్థను కొలిచి దాన్ని ముఖం రూపంలో పెట్టింది. సాంకేతికంగా రెండూ ఒకే పని. తేడా అంతా వాటాలు చెప్పడంలో ఉంది. ఆ వాటాలు చెరిపేసి బొమ్మ ఒక్కటే గోడకు తగిలిస్తే అది దేనికీ కొరగాదు. అందుకే ఈ బొమ్మలో కళ ఎక్కడ ఉందని అడిగితే ఆ శాతాల దగ్గర ఉందని నేను జవాబు చెబుతాను. ఆమె మనుషులకు వయసు పెరిగితే ముఖం ఎలా మారుతుందో చూపే పద్ధతిని కూడా రూపొందించింది. తప్పిపోయిన పిల్లలను ఏళ్ల తర్వాత గుర్తుపట్టడానికి అమెరికా పోలీసులకు అది పనికివచ్చింది. ఒక కళాకారిణి పరికరం విజ్ఞానానికి, సమాజానికి తిరిగి అక్కరకు వచ్చిన సందర్భం కాబట్టి చెప్పాను.

సగటు ముఖానికి సరిగ్గా ఎదురుగా నిలిచే బొమ్మ ఒకటుంది. అది మన తెలుగు నాట ప్రతి రేషన్ దుకాణంలోనూ నెలనెలా పడే బొమ్మ, వేలిముద్ర. దీని చరిత్రలో మన దేశానికి పెద్ద పాత్ర ఉంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరుతో రోడ్డు పనికి సరుకు ఒప్పందం రాసుకుంటూ, రేపు ఈ సంతకం నాది కాదనకుండా ఉంటాడని అతని అరచేతి ముద్ర వేయించాడు. ఆ అలవాటు ముదిరి వేలిముద్రల దాకా వచ్చింది. హెర్షెల్ దాచిన ముద్రలు గాల్టన్‌కు అందాయి. 1892లో గాల్టన్ వేలిముద్రల మీద పుస్తకం వేశాడు. రెండు వేర్వేరు వేళ్ల ముద్రలు ఒకేలా ఉండే అవకాశం 6,400 కోట్లలో ఒక్కటని లెక్కగట్టాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం మొదలైంది. వేలాది ముద్రల్లోంచి కావలసినదాన్ని వెతికి తీసే వర్గీకరణను గణితంతో సాధించినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగులు. ఆ పద్ధతి వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో లోకమంతా చెలామణి అయింది. ఎవరి పని ఎవరి ముద్రతో నిలిచిందో చూడండి. మనుషులను గుర్తుపట్టడం కోసమే పుట్టిన శాస్త్రంలోనే ఈ ఇద్దరి గుర్తింపు వెనకపడిపోయింది.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే సంగతి మరొకటి. గాల్టన్ వేలిముద్రల్లో కూడా జాతులను వెతికాడు. వేర్వేరు జాతులవాళ్ల ముద్రలు, వేర్వేరు వృత్తులవాళ్ల ముద్రలు పక్కపక్కన పెట్టి పోల్చాడు. జాతికో తెలివికో గుర్తు పట్టించే గీత ఏదీ దొరకలేదని ఒప్పుకున్నాడు. సగటు ముఖంలో గుంపు ఉంది, మనిషి లేడు. వేలిముద్రలో మనిషి ఉన్నాడు, కానీ అతను ఎలాంటివాడో చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. ఒకే శాస్త్రజ్ఞుడు రెండు వైపుల నుంచీ తవ్వి, మధ్యలో ఉందనుకున్న గని లేదని తానే తేల్చాడు. అయినా వేలిముద్ర కూడా ఏ నిర్ణయాలూ లేని బొమ్మేమీ కాదు. రాళ్లు కొట్టి, సున్నం కలిపి, అంట్లు తోమి, నారు నాటి వేళ్లు అరిగిన మనిషి రేషన్ డీలరు ముందు నిలబడి యంత్రం మీద వేలు పెడతాడు. గీత పడదు. తడి తుడుచుకుని మళ్లీ పెడతాడు. ఇంకో వేలు పెట్టమంటారు. గీతలు ఎంత స్పష్టంగా ఉంటే ఒప్పుకోవాలన్న హద్దును ఎక్కడో ఎవరో పెట్టారు. ఆ హద్దు ఒళ్లు వంచి పనిచేసేవాడికే ఎక్కువ అడ్డుపడుతుంది. ఈ సంగతిని నివేదికలు అంకెల్లో చెబుతాయి. అరిగిన వేళ్ల ముద్రలను గోడంత పెద్దవి చేసి, యంత్రం ఒప్పుకున్నవీ ఒప్పుకోనివీ పక్కపక్కన వేలాడదీసి చూపిస్తే అది విజ్ఞానం, కళ కలిసి చేయగల పని. మన చిత్రకారులు ఈ పని పెద్దఎత్తున ఎత్తుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మనిషికీ వ్యవస్థకీ మధ్య బంధాన్ని నిజాయతీగా గీయడం ఎలాగో చూపిన పని ఒకటి చెప్పాలి. అది చేసింది చిత్రకారుడు కాదు, జీవశాస్త్రజ్ఞుడు. జాన్ సల్‌స్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు మిల్లీమీటరు పొడవుండే ఒక పారదర్శకమైన నులిపురుగు పిండంలో కణాలు ఎలా విడిపోతాయో సూక్ష్మదర్శినిలో చూస్తూ చేత్తో గీశాడు. రోజుకు రెండు పూటలు, పూటకు నాలుగు గంటలు, ఏడాదిన్నర పాటు. ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, ప్రతిదానికీ పేరు, ప్రతిదానికీ వంశవృక్షంలో చోటు. పెరిగిన పురుగులో 959 దేహ కణాలు ఉంటాయి. ఎదిగే క్రమంలో 131 కణాలు పుట్టి చనిపోతాయి. అదీ ప్రతి పురుగులోనూ అవే కణాలు, అదే వేళకు. ఈ చావులు ప్రమాదాలు కావు, దేహం అనే వ్యవస్థ నిర్మాణంలో భాగం. ఈ పని సాగిన కాలంలో కెమెరాలు లేవా అంటే ఉన్నాయి. కానీ ఏ కణం పక్కకు జరిగిందో, ఏది లోపలికి జారిందో తేల్చడానికి కన్ను, చెయ్యి, ఓర్పు కావలసి వచ్చాయి. ఆ చిత్రపటం 1983లో అచ్చయింది. 2002లో సిడ్నీ బ్రెన్నర్, రాబర్ట్ హార్విట్జ్‌లతో పాటు సల్‌స్టన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఇక్కడ ఏ కణాన్నీ సగటులో కలపలేదు. 959లో ప్రతి ఒక్కటీ విడిగా లెక్కకు వచ్చింది, అయినా మొత్తం వ్యవస్థ కళ్లకు కట్టింది.

ఈ సల్‌స్టన్ ముఖచిత్రమే 2001లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి చేరింది. మానవ జన్యుపటం తయారీలో బ్రిటన్ వాటా పనిని నడిపించినవాడు కాబట్టి ఆ గౌరవం. చేసింది మార్క్ క్విన్ అనే శిల్పి. అందులో ముఖం లేదు. సల్‌స్టన్ డీఎన్ఏను ముక్కలుగా చేసి, బాక్టీరియాలో పెట్టి పెంచి, అగార్ జెల్లీ మీద పరిచి, స్టెయిన్‌లెస్ స్టీలు చట్రంలో బిగించారు. చూడబోతే పసుపు ఛాయ జెల్లీ మీద చిన్న చిన్న చుక్కలు. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క బాక్టీరియా సంతతి, ఒక్కొక్కదానిలో ఆయన డీఎన్ఏ ముక్క. దగ్గరికి వెళితే మెరిసే చట్రంలో చూసేవాళ్ల ముఖం కనిపిస్తుంది. ఇది గ్యాలరీలో అన్నిటికన్నా వాస్తవికమైన ముఖచిత్రమని క్విన్ వాదించాడు, మనిషిని తయారుచేసే సూచనలే ఇందులో ఉన్నాయి కాబట్టి. ఆ మాటతో నేను ఏకీభవించను. సల్‌స్టన్ ఓర్పు, ఏడాదిన్నర సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టిన మొండితనం, జన్యు సమాచారం ఏ కంపెనీ సొత్తూ కాకూడదని ఆయన చేసిన పోరాటం ఆ జెల్లీలో లేవు. కానీ ఆ చుక్కలు తాము ఏమిటో కప్పిపుచ్చుకోవు. ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి, అతికించి ముఖం చేసినట్టు నటించవు. ఆ నిజాయతీ వల్ల క్విన్ మాట తేలిపోయినా బొమ్మ నిలబడింది.

డీఎన్ఏ గురించి చెప్పేటప్పుడు హైదరాబాద్ పేరు రాకుండా ఉండదు. ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి కనిపెట్టాక, హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ బృందం 1988 నాటికి సొంత పద్ధతి తయారుచేసింది. అందుకు వాడిన జన్యు శకలం మొదట దొరికింది ఒక రకం కట్లపాములో. మన కోర్టుల్లో తండ్రి ఎవరు, హంతకుడు ఎవరు అని తేల్చడానికి అది దారి వేసింది. అప్పుడు చేతికి వచ్చే బొమ్మ నల్లని గీతల వరుస. ఇది ఆ మనిషిదా కాదా అన్న ఒక్క ప్రశ్నకు తప్ప మరి దేనికీ అది జవాబు చెప్పదు. ఆ తర్వాత కాలం మారింది. డీఎన్ఏ నుంచి ముఖమే గీసి ఇస్తామనే కంపెనీలు అమెరికాలో పుట్టాయి, పోలీసులు వాటిని వాడుతున్నారు. వాటికన్నా ముందే, 2012, 2013లలో, హీథర్ డ్యూయీ-హాగ్‌బోర్గ్ అనే కళాకారిణి న్యూయార్క్ వీధుల్లో పడి ఉన్న వెంట్రుకలు, సిగరెట్ పీకలు, నమిలి ఉమ్మిన చూయింగ్ గమ్ ఏరి, వాటిలోంచి డీఎన్ఏ తీసి, ఆ అపరిచితుల ముఖాలను త్రీడీ ప్రింటర్‌తో తయారుచేసి గోడకు తగిలించింది. ఒక్కొక్క ముఖం పక్కన అది దొరికిన చోటు, దొరికిన వస్తువు.

ఆ ముఖాలు సరైనవి కావని శాస్త్రజ్ఞులు విమర్శించారు. ఆ విమర్శ నూటికి నూరుపాళ్లూ నిజం. లింగం, పూర్వీకుల మూలం, కళ్ల రంగు, జుట్టు రంగు వంటి కొన్ని విషయాలే డీఎన్ఏ నుంచి ఓ మోస్తరు నమ్మకంగా తెలుస్తాయి. దవడ ఎలా ఉంటుందో, పెదవి ఎలా వంగుతుందో, కళ్ల మధ్య దూరం ఎంతో తెలిపేంత జ్ఞానం లేదు. మరి ఆ ఖాళీలు ఎలా నిండాయి? కంప్యూటర్‌లో ముందే ఉన్న ముఖాల సగటులోంచి. అంటే నూటముప్పై ఏళ్ల తర్వాత గాల్టన్ సగటు ముఖం చడీచప్పుడూ లేకుండా మళ్లీ లోపలికి వచ్చి కూర్చుంది. అలాంటప్పుడు ఆ కళాకారిణి చేసింది మోసం కాదా అన్నది న్యాయమైన ప్రశ్న. కాదని నేను అంటాను, ఆమె తర్వాత చేసిన పనిని చూపించి. సైనిక రహస్య పత్రాలు బయటపెట్టినందుకు అప్పట్లో అమెరికాలో జైల్లో ఉన్న చెల్సీ మానింగ్ తన వెంట్రుకలు, బుగ్గ లోపలి కణాలు ఆమెకు పంపింది. జైల్లో మానింగ్‌ను ఫొటో తీయనిచ్చేవాళ్లు కారు. ఆ ఒక్క మనిషి డీఎన్ఏ నుంచి డ్యూయీ-హాగ్‌బోర్గ్ 2017లో 30 వేర్వేరు ముఖాలు చేసి ఒకే గదిలో వేలాడదీసింది. కొన్ని మగవి, కొన్ని ఆడవి, రంగులు వేరు, ముక్కులు వేరు. అన్నీ అదే డీఎన్ఏ ఒప్పుకునేవే. ఆ గదిలో నిలబడినవాళ్లకు ఏ పాఠమూ అక్కర్లేదు. డీఎన్ఏ చెప్పింది ఎంత, మనం నింపింది ఎంత అన్నది ఆ 30 ముఖాల మధ్య తేడాలోనే కళ్లకు కనిపిస్తుంది. పోలీసు స్టేషన్‌లో ఒక్క ముఖం అతికిస్తారు. ఆమె ముప్పై అతికించింది. మొదటిది తీర్పు, రెండోది సాక్ష్యం.

ఇంకొక అభ్యంతరం శాస్త్రజ్ఞుల వైపు నుంచే వస్తుంది. మా ఫలితాల్లో ఎంత తప్పు ఉండవచ్చో మేమే లెక్కగట్టి రాస్తాం, మా హద్దులు మేమే చెప్పుకుంటాం, దానికి గ్యాలరీలు ఎందుకని. పత్రాల్లో రాస్తారు, నిజమే. కానీ పత్రంలో ఉన్న ఆ హెచ్చరిక బొమ్మతోపాటు ప్రయాణం చేయదు. ముఖం పత్రికలోకి, టీవీలోకి, ఫోన్లలోకి వెళ్లిపోతుంది. హెచ్చరిక గ్రంథాలయంలో ఉండిపోతుంది. ఈ దూరాన్ని తగ్గించిన మంచి ఉదాహరణ ఒకటి 2018లో వచ్చింది. జాయ్ బువోలాంవినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి మహిళా శాస్త్రజ్ఞులు ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు వ్యాపార సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఆఫ్రికాలో మూడు, ఐరోపాలో మూడు దేశాల పార్లమెంటు సభ్యుల ముఖాలు, మొత్తం 1,270, తీసుకున్నారు. మొత్తం మీద చూస్తే ఆ సాఫ్ట్‌వేర్లు బాగానే పనిచేస్తున్నట్టు కనిపించాయి. గుంపును విడగొట్టి చూస్తే, తెల్లని చర్మం ఉన్న మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతానికి మించలేదు, నల్లని చర్మం ఉన్న ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా పోయాయి. వీళ్లు అంకెలతో ఆగలేదు. ఏ దేశం పార్లమెంటుకు ఆ దేశం సగటు ముఖం తయారుచేసి పత్రంలోనే వరుసగా ముద్రించారు. గాల్టన్ పద్ధతే, కానీ ఎవరెవరిని ఎందుకు కలిపారో, ఎంతమందిని కలిపారో పక్కనే రాసి మరీ. సగటు అనే పనిముట్టులో పాపం లేదు. చెప్పకుండా వాడటంలో ఉంది.

అన్నట్టు, విజ్ఞానం-కళ పేరుతో జరిగే ప్రదర్శనల్లో చాలా వాటి మీద నాకు పెద్ద గౌరవం లేదని కూడా చెప్పాలి. సూక్ష్మదర్శిని కింద కణాలకు మెరిసే రంగులు వేసి ఫ్రేములు కట్టడం, అంతరిక్ష దూరదర్శినులు పంపిన నిహారికల బొమ్మలను అలంకారంగా తగిలించడం కంటికి ఇంపుగానే ఉంటాయి. కానీ ఆ రంగులు చాలావరకు మనుషులు ఎంచి వేసినవని, మన కంటికి కనిపించని కాంతికి కూడా రంగు కేటాయించారని ఎంతమంది ప్రదర్శకులు రాసి పెడతారు? అది రాసి పెడితే అందం తగ్గదు, పైగా చూసేవాళ్లు ఆ ఎంపికల గురించి మాట్లాడుకుంటారు.

ఎంపికలను దాచని బొమ్మలు తయారుచేయడానికి మన దగ్గరా చోటు ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రాల విభాగం, సరోజినీ నాయుడు కళల విభాగం ఒకే ఆవరణలో ఉన్నాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ సైన్సు విభాగాలతో పాటు లలితకళల విభాగం ఉంది. ఈ సంస్థలను నడిపేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. సైన్సు విద్యార్థినీ, చిత్రకళ విద్యార్థినీ ఒక ఏడాది పాటు ఒకే బల్ల ముందు కూర్చోబెట్టండి. వాళ్లకు ఒకే సమస్య ఇవ్వండి. రేషన్ దుకాణంలో పడని వేలిముద్ర ఇవ్వండి, పోలీసు కెమెరా పొరబడిన ముఖం ఇవ్వండి. ఇక శ్రోతలకు నేను చెప్పేది, ఫలానావాళ్ల సగటు ముఖం ఇదేనంటూ కంప్యూటర్ గీసిన బొమ్మ మీ ఫోనుకు వచ్చినప్పుడు, ఎంతమందిని కలిపారు, ఎవరు ఏరారు, తెలియని భాగాన్ని దేనితో నింపారు అని పంపినవాళ్లను అడగండి. జవాబు రాకపోతే ఆ బొమ్మను ఇంకొకరికి పంపకండి.